పాప్ స్మియర్ నార్మల్, ఎనిమిది నెలలకే గర్భసంచి క్యాన్సర్: టెస్టు తప్పిందా?

మీరు రాసింది కుదించి చెప్తే ఇదీ: అమ్మగారికి 61 ఏళ్లు, ముట్లు ఆగి పదేళ్లు. ఎనిమిది నెలల క్రితం పాప్ స్మియర్ (గర్భసంచి ముఖద్వారం, అంటే సర్విక్స్ దగ్గరి కణాలు తీసి చూసే టెస్టు), హెచ్‌పీవీ అనే వైరస్ టెస్టు రెండూ చేయించారు, రెండూ నార్మల్. ఇప్పుడు బ్లీడింగ్ కనపడితే బయాప్సీ చేశారు, ఎండోమెట్రియల్ క్యాన్సర్, అంటే గర్భసంచి లోపలి పొరలో పుట్టే క్యాన్సర్ అని వచ్చింది. ల్యాబ్ వాళ్లు తప్పు చేశారా? పాప్ నార్మల్ కాబట్టి కనీసం సర్విక్స్‌కి పాకలేదని అనుకోవచ్చా? ముక్క తీశారు కదా, దానివల్ల ఇప్పుడు పాకుతుందా? చివర్లో "నేను కూడా ఏటా పాప్ చేయించుకుంటే చాలా" అని అడిగారు, దానికీ వస్తాను.

నేను పాథాలజిస్టుని. ఇరవై ఏళ్లు దాటింది ఈ పనిలోకి వచ్చి, రోజూ పాప్ స్లైడ్లు, బయాప్సీ ముక్కలు, ఆపరేషన్‌లో తీసిన గర్భసంచులు చూస్తుంటాను. అంటే మీరు కోపంగా ఉన్న ఆ "ల్యాబ్ వాళ్ల" జాతే నాది, కాబట్టి కాస్త మావైపు మొగ్గితే పట్టుకోండి.

ముందు సూటిగా జవాబులు. ల్యాబ్ పొరపాటు అయ్యుండొచ్చు, కానీ పొరపాటు లేకుండానే ఇలా జరగడం చాలా మామూలు. పాప్, హెచ్‌పీవీ రెండూ గర్భసంచి ముఖద్వారం కోసం, అంటే సర్విక్స్ కోసం పెట్టిన పరీక్షలు. లోపలి పొరలో పుట్టే క్యాన్సర్‌ని పట్టుకోవడం వాటి పని కాదు, ఎప్పుడైనా పట్టుకుంటే అది మన అదృష్టం. పాప్ నార్మల్ వచ్చినంత మాత్రాన సర్విక్స్‌కి పాకలేదని చెప్పలేం, పాప్‌లో క్యాన్సర్ కణాలు కనపడినంత మాత్రాన పాకిందనీ చెప్పలేం. ముక్క తీయడం వల్ల పాకదు.

ఇక ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది.

గర్భసంచి ఒక్కటే అయినా క్యాన్సర్ లెక్కలో అది రెండు వేరే ఊళ్లు. సర్విక్స్ అంటే కిందికి యోనిలోకి దిగి ఉండే మెడ, డాక్టర్ స్పెక్యులం పెడితే కంటికి కనపడే భాగం. దాని బయటి పొరా, లోపలి కాలువ పొరా కలిసే చోట కణాలు రూపం మారుతుంటాయి, సర్విక్స్ క్యాన్సర్ ఎక్కువగా మొదలయ్యేది అక్కడే, పాప్ బ్రష్ తిప్పేదీ అక్కడే. ఎండోమెట్రియం పైన సంచి లోపల ఉంటుంది, నెలనెలా రాలిపోయే పొర అదే. రెండిటికీ మధ్య సన్నటి కాలువ. బ్రష్ ఆ కాలువ మొదట్లో తిరిగి వచ్చేస్తుంది, సంచి లోపలికి వెళ్లదు, వెళ్లకూడదు కూడా. గుమ్మం ఊడ్చిన చెత్త చూసి లోపలి గది ఎలా ఉందో చెప్పమంటే ఎవరైనా ఏం చెప్తారు?

హెచ్‌పీవీ సంగతి ఇంకా తేలిక. సర్విక్స్ క్యాన్సర్లు దాదాపు అన్నీ ఆ వైరస్ వల్లే వస్తాయి, అందులోనూ 16, 18 అనే రెండు రకాలే 70 శాతం దాకా కారణం. అందుకే వైరస్ లేదంటే సర్విక్స్ విషయంలో ఏళ్ల తరబడి ధీమాగా ఉండొచ్చు. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి ఈ వైరస్‌తో సంబంధం లేదు. అది ఎక్కువగా ఈస్ట్రోజెన్ కథ: ప్రొజెస్టెరాన్ తోడు లేకుండా ఈస్ట్రోజెన్ ఏళ్లపాటు ఆ పొర మీద పనిచేయడం, అధిక బరువు, పీసీఓఎస్, షుగర్, ముట్లు ఆలస్యంగా ఆగడం, రొమ్ము క్యాన్సర్‌కి వాడే టామోక్సిఫెన్, కొన్ని కుటుంబాల్లో లించ్ సిండ్రోమ్ అనే జన్యు లోపం. అమ్మగారి హెచ్‌పీవీ నెగెటివ్ అన్నది నూటికి నూరుపాళ్లు నిజమే అయ్యుంటుంది, అది అడిగిన ప్రశ్నకి సరైన జవాబే ఇచ్చింది. మనకి కావాల్సిన ప్రశ్న వేరు.

ఇక్కడ ఒక పాత సంగతి. పాప్ టెస్టుకి పేరిచ్చిన పాపనికొలౌ, గైనకాలజిస్టు ట్రౌట్‌తో కలిసి 1940ల మొదట్లో ఈ పద్ధతిని ప్రచురించినప్పుడు వాళ్లు సర్విక్స్‌నే కాదు, మొత్తం గర్భసంచి క్యాన్సర్‌ని దృష్టిలో పెట్టుకున్నారు. అప్పట్లో యోనిలో వెనకవైపు చేరిన ద్రవాన్ని గొట్టంతో పీల్చి స్లైడ్ చేసేవాళ్లు, పైనుంచి రాలిపడిన కణాలు కూడా ఆ మడుగులో దొరికేవి. 1947లో ఎయిర్ అనే డాక్టర్ సర్విక్స్‌ని నేరుగా గీకే చెక్క గరిటె తెచ్చాడు, సర్విక్స్ క్యాన్సర్‌ని పట్టడం బాగా మెరుగైంది, ఆ మడుగు మూలపడింది. ఒకదాని మీద గురి పెరిగితే రెండోది పక్కకి పోతుంది కదా, ఇక్కడా అదే జరిగింది. ఇప్పుడు చాలా చోట్ల పాప్ కూడా లేకుండా ముందు హెచ్‌పీవీ ఒక్కటే చేసి, అది పాజిటివ్ అయితేనే స్లైడ్ చూసే పద్ధతి వస్తోంది. సర్విక్స్‌కి అది మంచి మార్పే, నేను పూర్తిగా సమర్థిస్తాను. కానీ అనుకోకుండా స్లైడ్‌లో దొరికే ఎండోమెట్రియల్ క్యాన్సర్లు ఇక అలా దొరకవు. ఈ మాట పేషెంట్లకి ఎవరూ విడమర్చి చెప్పడం లేదని నా బాధ.

మరి పాప్‌లో అసలు కనపడనే కనపడదా అంటే, కనపడుతుంది, అప్పుడప్పుడు. ఎండోమెట్రియల్ క్యాన్సర్ అని తేలినవాళ్ల ముందటి పాప్ రిపోర్టులు వెనక్కి వెళ్లి చూసిన అధ్యయనాలు అన్నీ కలిపితే సుమారు 45 శాతంలోనే ఏదో ఒక తేడా కనపడింది. అంటే సగానికి పైగా నార్మల్. సీరస్ రకం లాంటి దూకుడు క్యాన్సర్లలో కణాలు వదులుగా ఉండి ఎక్కువగా రాలతాయి కాబట్టి అక్కడ ఈ శాతం ఎక్కువ, మామూలు ఎండోమెట్రియాయిడ్ రకంలో తక్కువ.

కణం స్లైడ్ మీదికి రావాలంటే అది గడ్డ నుంచి రాలాలి, కాలువ దాటాలి (వయసు పైబడ్డాక ఆ కాలువ చాలామందికి సన్నబడి మూసుకుపోతుంది కూడా), దారిలో కుళ్లిపోకుండా ఉండాలి, బ్రష్ తిప్పిన ఆ నిమిషానికి అక్కడ ఉండాలి. ఇన్ని దాటుకుని వచ్చినా నా కళ్లకి కనపడేది ఏమిటి? చిన్న చిన్న గుండ్రటి గుంపులు, ముడుచుకుపోయిన కణాలు, ఒక్కోసారి కణం లోపలే తెల్లరక్తకణాలు సంచిలో కుక్కినట్టు. సర్విక్స్ పొరల మార్పుల్లా పెద్దగా, స్పష్టంగా ఉండవు. చుట్టూ రక్తం ఉంటే ఇంకా కష్టం.

మా దగ్గరికి ఒకసారి అచ్చం మీలాంటి ఫిర్యాదే వచ్చింది. 58 ఏళ్ల ఆవిడ, పాప్ నార్మల్ అని రాసింది నేనే, తర్వాత క్యాన్సర్ తేలింది. పాత స్లైడ్ బయటికి తీసి ఇద్దరం కూర్చుని ఒక్కో వరసా జరుపుతూ మొత్తం మళ్లీ చూశాం. ఏమీ లేదు. ఒక్క ఎండోమెట్రియల్ కణం కూడా లేదు. ఆవిడ కూతురికి స్లైడ్ స్క్రీన్ మీద చూపించి చెప్పాను, నమ్మిందో లేదో తెలీదు. ఇంకో ఆవిడ విషయంలో మాత్రం తిరిగి చూస్తే ఒక మూల రెండు గుంపులు ఉన్నాయి, పాడైపోయిన కణాలు అనుకుని దాటేశాను. అది నా తప్పే. అందుకే మీకు "పొరపాటు అయ్యుండొచ్చు" అని కూడా రాశాను. కావాలంటే పాత స్లైడ్‌ని ఇంకో పాథాలజిస్టుకి చూపించమని అడిగే హక్కు మీకుంది, స్లైడ్లు కొన్నేళ్లు దాస్తారు. కానీ నిజం చెప్పాలంటే ఇప్పుడు ఆ ఓపికంతా అమ్మగారి ఆపరేషన్ మీద పెట్టండి.

దానికన్నా నాకు ముఖ్యమైన ప్రశ్న: ఎనిమిది నెలల క్రితం ఆ పాప్ చేయించినప్పుడే అమ్మగారికి స్పాటింగ్ ఉందా? ఎందుకు అడుగుతున్నానంటే, ఏ ఇబ్బందీ లేనివాళ్లకి చేసేది స్క్రీనింగ్. బ్లీడింగ్ ఉన్న మనిషికి చేసేది స్క్రీనింగ్ కాదు, అక్కడ పాప్ నార్మల్ అన్నది జవాబే కాదు. నా దగ్గరికి వచ్చే ఫారాల్లో వయసు రాసి, మిగతా గడుల్లో "రొటీన్" అని కొట్టేసి పంపుతారు. తీరా క్యాన్సర్ అని తేలాక అడిగితే "ఆర్నెల్లుగా అడపాదడపా మరకలు కనపడుతున్నాయి, సిగ్గుపడి చెప్పలేదు" అంటారు, లేదా చెప్పినా ఎవరూ రాయలేదు. ఆ ఒక్క ముక్క ఫారం మీద ఉంటే నేను స్లైడ్ చూసే చూపే మారిపోతుంది.

ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి ఉన్న ఒకే ఒక్క మంచి గుణం ఏమిటంటే అది ముందే చెప్పి వస్తుంది. ముట్లు ఆగిన ఆడవాళ్లలో ఈ క్యాన్సర్ వచ్చినవాళ్లని తీసుకుంటే 90 శాతం మందికి బ్లీడింగే మొదటి గుర్తు. తిరగేసి చూస్తే, అలా బ్లీడింగ్ అయినవాళ్లలో క్యాన్సర్ తేలేది 9 శాతం మందికే, మిగతావాళ్లకి పొర పలచబడటమో, పాలిప్ అనే చిన్న కండ పెరగడమో, ఇంకోటో. కాబట్టి హడలిపోనక్కర్లేదు, అలాగని ఒక్క మరకని కూడా వదలకూడదు. చేయాల్సింది యోని ద్వారా చేసే స్కానింగ్, లేదా నేరుగా ఎండోమెట్రియల్ బయాప్సీ. స్కానింగ్‌లో పొర మందం 4 మిల్లీమీటర్లు, అంతకన్నా తక్కువ ఉంటే క్యాన్సర్ అవకాశం 1 శాతం లోపే. అయితే బ్లీడింగ్ మళ్లీ మళ్లీ వస్తుంటే పొర ఎంత పలచగా ఉన్నా ముక్క తీయాల్సిందే, సీరస్ రకం పలచటి పొరలో కూడా దాక్కుంటుంది. ముక్కలో ఏమీ లేదని వచ్చి బ్లీడింగ్ ఆగకపోతే హిస్టరోస్కోపీ, అంటే సన్నటి కెమెరాతో లోపల చూసి అనుమానం ఉన్నచోట నుంచి ముక్క తీయడం.

పాప్ రిపోర్టులో ఒక చిన్న లైన్ గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే చాలామంది మొదటి వాక్యం చదివి కాగితం మడిచేస్తారు. పైన "నెగెటివ్" అని ఉండి, కింద "ఎండోమెట్రియల్ కణాలు కనపడ్డాయి" అని ఉండొచ్చు. ముట్లు వచ్చే వయసులో నెలసరి మొదలైన పన్నెండు రోజుల లోపు ఇవి కనపడటం సహజమే. 45 ఏళ్లు దాటినవాళ్లలో కనపడితే రిపోర్టులో తప్పక రాయాలని, పాప్ రిపోర్టులు రాయడానికి మేం పాటించే బెథెస్డా పద్ధతి చెబుతుంది (2001లో అది 40 ఏళ్లు ఉండేది, 2014లో 45 చేశారు, అనవసరంగా చాలామందిని భయపెడుతోందని). ముట్లు ఆగిన మనిషిలో ఆ లైన్ ఉంటే లోపలి పొరని పరీక్షించాలి. 55 ఏళ్ల ఆవిడ రిపోర్టులో నేను ఆ లైన్ రాశాను, అవతలివాళ్లు నెగెటివ్ అన్నంతవరకే చదివి పంపేశారు, ఏడాది తర్వాత బ్లీడింగ్‌తో వచ్చింది. అప్పటినుంచి అలాంటి రిపోర్టు రాస్తే ఫోన్ చేసి మరీ చెప్తున్నాను.

ఇంకో మాట "అటిపికల్ గ్లాండ్యులర్ సెల్స్", ఏజీసీ అని పొట్టిగా రాస్తారు. గ్రంథి కణాల్లో అనుమానం అని అర్థం. అది సర్విక్స్ కాలువదైనా కావచ్చు, ఎండోమెట్రియందైనా కావచ్చు. 35 ఏళ్లు దాటినవాళ్లకి, చిన్నవాళ్లయినా అసాధారణ బ్లీడింగో అధిక బరువో ఉంటే, సర్విక్స్‌ని పెద్దది చేసి చూసే కాల్పోస్కోపీతో పాటు ఎండోమెట్రియల్ బయాప్సీ కూడా చేయాలి. హెచ్‌పీవీ నెగెటివ్ వచ్చింది కదా అని ఏజీసీని వదిలేయడం పెద్ద పొరపాటు. వయసు పైబడినవాళ్లలో ఏజీసీ ఉండి హెచ్‌పీవీ లేదంటే నాకు ముందుగా అనుమానం పైన పొర మీదికే పోతుంది.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న, పాకడం గురించి. మీ ఉత్తరంలో నాకు అసలు విషయం అనిపించింది ఇదే.

ఎండోమెట్రియల్ క్యాన్సర్ నాలుగు దారుల్లో పోతుంది. ఒకటి, పుట్టినచోటి నుంచి గర్భసంచి కండరంలోకి దిగడం, అలాగే కిందికి సర్విక్స్‌లోకి జారడం. రెండు, లింఫ్ నాళాల ద్వారా కటిభాగంలోని గ్రంథులకి, అక్కడి నుంచి పెద్ద రక్తనాళం వెంబడి పైన ఉండే గ్రంథులకి. మూడు, ట్యూబుల గుండా బయటపడి అండాశయాల మీదికి, కడుపు లోపలి పొర మీదికి, సీరస్ రకానికి ఇది ఇష్టమైన దారి. నాలుగు రక్తం ద్వారా, ఎక్కువగా ఊపిరితిత్తులకి. ఈ నాలుగిట్లో పాప్ బ్రష్ తాకే చోటు ఏదో చూడండి: సర్విక్స్ పైపొర, అంతే.

సర్విక్స్‌కి పాకడం అన్నదాంట్లోనూ రెండున్నాయి. క్యాన్సర్ కాలువ లోపలి గ్రంథుల పొర మీదుగా కిందికి పాకడం ఒకటి, ఆ పొర కింద ఉన్న గట్టి కణజాలంలోకి, అంటే స్ట్రోమాలోకి దిగడం రెండోది. ఫిగో అనే అంతర్జాతీయ గైనకాలజీ సంస్థ 2009లో స్టేజీలు మార్చినప్పుడు మొదటిదాన్ని స్టేజి 2 నుంచి తీసేసింది. గ్రంథుల పొర వరకే ఉంటే దాన్ని స్టేజి 1లోనే లెక్కేస్తారు, స్ట్రోమాలోకి దిగితేనే స్టేజి 2. ఆ స్ట్రోమా పైపొర కింద ఉంటుంది. పైన పొర నున్నగా, ఆరోగ్యంగా ఉండి అడుగున క్యాన్సర్ ఉన్న గర్భసంచులు నేను కోసి చూశాను. వాళ్ల పాప్ శుభ్రంగా ఉంది, స్పెక్యులంతో చూసినా ఏమీ తెలియలేదు.

దీనికి తిరగబడ్డ కేసు కూడా ఉంది. పైనుంచి రాలిన కణాలు కాలువ దాటి వచ్చి పాప్‌లో క్యాన్సర్ అని దొరుకుతాయి, సర్విక్స్ మాత్రం మచ్చలేకుండా ఉంటుంది. ఒకావిడకి సర్విక్స్ కాలువ గీకిన ముక్కలు ఒక సీసాలో, పై పొర ముక్కలు ఒక సీసాలో వేసి పంపారు. మొదటి సీసాలో కూడా క్యాన్సర్ ముక్కలు ఉన్నాయి, కానీ విడిగా తేలుతున్నాయి, సర్విక్స్ కణజాలానికి అంటుకుని లేవు. పైనుంచి జారిపడ్డవి అయ్యుండొచ్చు, పాకిందని చెప్పలేనని రాశాను. ఆ మాట ఎక్కడో జారిపోయి ఇంట్లోవాళ్లకి "స్టేజి 2 అట" అని చేరింది. ఆపరేషన్ అయ్యాక సర్విక్స్ పూర్తిగా శుభ్రం. ఆ నెల రోజులు ఆ ఇల్లు ఎంత టెన్షన్ పడి ఉంటుందో.

పాప్‌లో క్యాన్సర్ కణాలు దొరికినవాళ్లలో జబ్బు కాస్త ముదిరి ఉండే అవకాశం ఎక్కువని చూపిన అధ్యయనాలు ఉన్నాయి, అది నిజమే. కానీ అది గుంపు లెక్క, మీ అమ్మగారి స్టేజి దానితో తేలదు. ఆపరేషన్‌కి ముందు సర్విక్స్ స్ట్రోమా సంగతి, కండరంలోకి ఎంత లోతు దిగిందన్న సంగతి బాగా చూపించేది ఎంఆర్ఐ. ఖాయంగా చెప్పేది తీసిన గర్భసంచిని కోసి మైక్రోస్కోప్ కింద చూడటం. స్టేజి అన్నది ఆపరేషన్ తర్వాత తేలే మాట అని 1988లోనే ఫిగో నిర్ణయించింది, దానికి ముందు ఎవరు ఏ నంబర్ చెప్పినా అది అంచనా.

ఇంకో చిక్కు ఉంది, ముక్కలో కనపడిన క్యాన్సర్ పైన పుట్టి కిందికి వచ్చిందా, సర్విక్స్ కాలువలోనే పుట్టిందా అన్నది. రెండూ గ్రంథి కణాల క్యాన్సర్లే, ఒక్కోసారి పోలికలు కలుస్తాయి. వైద్యం మాత్రం వేరు. సర్విక్స్‌దైతే చుట్టూ కణజాలంతో సహా తీసే రాడికల్ ఆపరేషనో, రేడియేషనో. 2018లో వచ్చిన ల్యాక్ అనే ట్రయల్‌లో సర్విక్స్ క్యాన్సర్‌కి చిన్న రంధ్రాలు పెట్టి చేసే కీహోల్ పద్ధతిలో చేసినవాళ్లలో జబ్బు తిరగబెట్టడం ఓపెన్ ఆపరేషన్ కన్నా ఎక్కువని తేలింది, ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి కీహోల్‌తో అలాంటి నష్టం కనపడలేదు. కాబట్టి పుట్టిల్లు ఏదో తేల్చుకోవాలి. దానికి మేం ముక్క మీద ఐహెచ్‌సీ, అంటే కణాల్లోని ప్రొటీన్లకి రంగు పట్టించి చూసే పరీక్ష చేస్తాం: ఈస్ట్రోజెన్ రిసెప్టర్, విమెంటిన్ పాజిటివ్ అయితే ఎండోమెట్రియం వైపు, పీ16 గట్టిగా అంతటా పట్టి హెచ్‌పీవీ కూడా ఉంటే సర్విక్స్ వైపు. పీ16 ఒక్కదాన్నే నమ్మితే దెబ్బతింటాం, ఎండోమెట్రియల్ సీరస్ రకంలో కూడా అది గట్టిగా పడుతుంది. అమ్మగారి హెచ్‌పీవీ నెగెటివ్ కాబట్టి, చూశారా, ఎందుకూ పనికిరాలేదనుకున్న ఆ టెస్టు ఇక్కడ కాస్త అక్కరకొస్తుంది, ఎండోమెట్రియం అన్న మాటకి బలం చేకూరుస్తుంది.

సర్విక్స్‌కి ఈ కథలో ఇంకో పాత్ర కూడా ఉంది, సరదాగా ఉంటుంది. లింఫ్ గ్రంథులకి పాకిందో లేదో చూడటానికి ఒకప్పుడు కటిభాగంలో గ్రంథులన్నీ తీసేసేవాళ్లు, తర్వాత కాళ్ల వాపుతో చాలామంది బాధపడేవాళ్లు. ఇప్పుడు సెంటినెల్ పద్ధతి వచ్చింది. ఆపరేషన్ మొదట్లో సర్విక్స్‌లో పచ్చటి రంగు మందు ఎక్కిస్తారు, అది లింఫ్ దారి పట్టి ముందుగా ఏ గ్రంథికి చేరుతుందో కెమెరాలో మెరుస్తుంది, దాన్ని మాత్రమే తీసి మాకిస్తారు, మేం పలచగా కోసి వెతుకుతాం. 2017లో వచ్చిన ఫైర్స్ అధ్యయనంలో, గ్రంథుల్లో క్యాన్సర్ ఉండి రంగు సరిగా చేరినవాళ్లలో ఈ పద్ధతి 97 శాతం మందిని పట్టింది. మీ సర్జన్ ఇది చేస్తారా అని అడగండి.

ముక్క తీస్తే పాకుతుందా అన్న భయం గురించి. పాప్ బ్రష్ వల్ల పాకదు. సన్నటి గొట్టంతో తీసే ఎండోమెట్రియల్ బయాప్సీ వల్ల పాకదు. హిస్టరోస్కోపీలో నీళ్లు ఎక్కిస్తారు కాబట్టి కొన్ని కణాలు ట్యూబుల గుండా కడుపులోకి పడొచ్చు, ఆ మేరకు నిజం ఉంది. కానీ దానివల్ల బతుకు తగ్గిందని ఆధారాలు లేవు, కడుపు నీళ్లలో కణాలు ఉన్నంత మాత్రాన స్టేజి పెంచడాన్ని ఫిగో 2009లోనే మానేసింది. నిజంగా జాగ్రత్త పడాల్సింది ఒకటుంది: క్యాన్సర్ ఉందని తెలియకుండా, ఫైబ్రాయిడ్ అనుకుని, గర్భసంచిని కడుపులోనే మోర్సిలేటర్ అనే మెషీన్‌తో తురిమి బయటికి లాగడం. దానివల్ల దాగి ఉన్న క్యాన్సర్ కడుపంతా చల్లినట్టవుతుందని అమెరికా ఎఫ్‌డీఏ 2014లో హెచ్చరించింది. ఎండోమెట్రియల్ క్యాన్సర్‌కి గర్భసంచిని ముక్కలు చేయకుండా మొత్తంగా తీస్తారు, కాబట్టి అమ్మగారికి ఆ సమస్య రాదు. ముందే ముక్క పరీక్ష చేసుకుంటే ఇలాంటి ప్రమాదం తగ్గుతుంది, అంటే బయాప్సీ మీరు భయపడుతున్నదానికి సరిగ్గా తిరగబడ్డ పని చేస్తోంది.

మీరు డాక్టర్ని కలిసినప్పుడు బయాప్సీ రిపోర్టులో రకం ఏమిటి, గ్రేడ్ (కణాలు మామూలు రూపం నుంచి ఎంత మారాయన్న లెక్క) ఎంత అని చూడండి. ఎంఎంఆర్ (డీఎన్‌ఏలో తప్పులు సరిదిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో చూసేది), పీ53 (క్యాన్సర్‌ని అడ్డుకునే ఒక జన్యువు చెడిందేమో చూసేది) పరీక్షలు ఆ ముక్క మీదే చేశారా అని అడగండి, చేయకపోతే చేయించండి. 2023లో ఫిగో మళ్లీ స్టేజీలు మార్చింది, ఇప్పుడు ఎక్కడిదాకా పాకిందన్నదే కాకుండా క్యాన్సర్ రకం, సన్న నాళాల్లోకి ఎంత దూరింది అన్నవి కూడా లెక్కలోకి వస్తాయి, పీ53, పోల్ లాంటి జన్యు వివరాలు ఉంటే వాటినీ కలుపుతారు. అందుకే ఒకే రిపోర్టుకి ఒకరు స్టేజి 1 అని, ఇంకొకరు స్టేజి 2 అని చెప్తే కంగారుపడకుండా ఏ ఏడాది లెక్క ప్రకారం అని అడగండి. ధైర్యానికి ఒక అంకె: అమెరికా రిజిస్ట్రీ లెక్కల్లో, గర్భసంచి దాటకముందే పట్టుబడినవాళ్లలో ఐదేళ్ల మనుగడ 95 శాతం దగ్గర ఉంది. ఎక్కువమంది ఆ దశలోనే దొరుకుతారు కూడా, బ్లీడింగ్ పుణ్యమా అని.

ఆపరేషన్ అయ్యాక "ఏటా పాప్ చేయించండి" అని ఎవరైనా అంటే ఎందుకని అడగండి. ఎండోమెట్రియల్ క్యాన్సర్ వైద్యం అయినవాళ్లకి యోని పైభాగం నుంచి పాప్ తీస్తూ ఉండటం వల్ల తిరగబెట్టడాన్ని ముందుగా పట్టడం చాలా అరుదు. అమెరికా గైనిక్ ఆంకాలజిస్టుల సంఘం దీన్ని అనవసర పరీక్షల జాబితాలో ఎప్పుడో పెట్టింది. డాక్టర్ కళ్లతో చూడటం, చేత్తో పరీక్షించడం, మళ్లీ బ్లీడింగ్ వస్తే వెంటనే వెళ్లడం, వీటిలోనే దొరుకుతుంది. రేడియేషన్ అయితే కణాలు ఎలాగూ వింతగా మారిపోయి ఉంటాయి, స్లైడ్ చూసి నేనే తికమకపడతాను.

ఇక మీ సంగతి. సర్విక్స్ స్క్రీనింగ్ మానకండి, ప్రపంచ ఆరోగ్య సంస్థ 30 ఏళ్ల నుంచి ఐదు పదేళ్లకోసారి హెచ్‌పీవీ టెస్టు చాలంటోంది, ఏటా పాప్ అక్కర్లేదు. లోపలి పొరకి మాత్రం, ఏ ఇబ్బందీ లేని మామూలు మనిషికి చేసే స్క్రీనింగ్ అంటూ ఇప్పటికి లేదు. పాప్ బ్రష్‌తో తీసిన ద్రవంలోనే క్యాన్సర్ డీఎన్‌ఏ వెతికే పద్ధతి మీద పరిశోధన నడుస్తోంది, 2018లో పాప్‌సీక్ అనే అధ్యయనంలో ఎండోమెట్రియల్ క్యాన్సర్లలో 81 శాతం దాకా అలా దొరికాయి, కానీ అది ఇంకా రోజువారీ వాడకంలోకి రాలేదు. మీకు ముఖ్యమైంది అమ్మగారి ఎంఎంఆర్ రిపోర్టు. అందులో లోపం ఉందని వచ్చి, తర్వాతి పరీక్షల్లో లించ్ సిండ్రోమ్ అని తేలితే మీరూ జన్యు పరీక్ష చేయించుకోవాలి. ఆ లోపం మీకూ ఉంటే 30-35 ఏళ్ల నుంచే ఏడాదికో రెండేళ్లకో ఎండోమెట్రియల్ బయాప్సీ, పెద్దపేగుకి కొలనోస్కోపీ అవసరమవుతాయి. లోపం కనపడిన ప్రతివాళ్లకీ లించ్ ఉండదు, చాలామందిలో అది వయసుతో గడ్డలో మాత్రమే వచ్చిన మార్పు, కాబట్టి ముందే ఊహించుకుని నిద్ర పాడుచేసుకోకండి.

బయాప్సీ రిపోర్టులో రకం, గ్రేడ్, ఐహెచ్‌సీ లైన్లు, ఎంఆర్ఐ వచ్చాక అందులో సర్విక్స్ గురించి రాసిన వాక్యం, పాత పాప్ రిపోర్టులో "నెగెటివ్" కింద ఇంకేమైనా లైన్ ఉందేమో అదీ, పేరూ నంబరూ తీసేసి ఇక్కడ పెట్టండి. చదివి నాకు అర్థమైంది చెప్తాను. ఆ పాప్ నాటికే స్పాటింగ్ ఉందో లేదో అమ్మగారిని ఒంటరిగా కూర్చోబెట్టి అడగండి, అందరి ముందూ అడిగితే లేదనే అంటారు.